చేనేత చీరల ఆన్‌లైన్ దుకాణానికి సర్వర్ ఏర్పాటు, భద్రత: డొమైన్ నుంచి బ్యాకప్ దాకా

వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్ (దాన్ని దుకాణంగా మార్చే ప్లగిన్) పెట్టుకుని మంగళగిరి, వెంకటగిరి, పోచంపల్లి చీరలు అమ్మే ఇద్దరు ముగ్గురు మనుషుల వ్యాపారాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాం. సైట్‌లో మూడు నాలుగు వందల చీరలు, రోజుకు పాతిక ముప్పై ఆర్డర్లు, దసరా ముందు అంతకు ఐదారింతలు. కొనేవాళ్లు కొందరు ఇక్కడ, కొందరు అమెరికాలో. ఇలాంటి దుకాణంలో చాలా చీరలు ఒక్కో పీసే ఉంటాయి. ఒకే చీర ఇద్దరికి అమ్ముడైతే అలాంటిదే రెండోది తెచ్చివ్వడం కుదరదు. డబ్బు వెనక్కివ్వాలి, నమ్మకం పోతుంది. అందుకే సర్వర్ సైజు, బ్యాకప్ వేళలు, పేమెంట్ అమరికలు అన్నీ ఈ విషయం చుట్టూనే తేల్చుకోవాలి.

తాళాలు ఎవరి పేరున ఉన్నాయి

సర్వర్ కొనక ముందే ఒక కాగితం మీద ఐదు ఖాతాలు రాయండి: డొమైన్ రిజిస్ట్రార్ (సైట్ పేరు అమ్మే కంపెనీ), డీఎన్ఎస్ (ఆ పేరును మీ సర్వర్‌కు కలిపేది), హోస్టింగ్ (సర్వర్ అద్దెకిచ్చేది), ఈమెయిల్, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సర్వీసు). ఒక్కోదానికి ఎదురుగా అది ఏ మెయిల్‌తో, ఎవరి ఫోన్ నంబరుతో తెరిచి ఉందో రాయండి. చిన్న వ్యాపారాల్లో సైట్ చేసిపెట్టిన కుర్రాడే డొమైన్‌ను తన పేరున కొనడం మామూలు. అతను ఉద్యోగం మారి ఫోన్ ఎత్తకపోతే దుకాణం పేరే మీది కాకుండా పోతుంది. అన్నిటికంటే ముందు ఇది సరిచేయండి. ఖాతాలు యజమాని పేరున ఉండాలి, డెవలపర్‌కు విడిగా లాగిన్ ఇవ్వాలి.

ఖాతాలు తెరిచే మెయిల్ మీ సొంత డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ గడువు తీరిపోతే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు మీకు చేరదు. వేరే మెయిల్ పెట్టుకుని, దానికి రెండంచెల లాగిన్ తగిలించండి. ఎస్ఎంఎస్ ఓటీపీ కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు, ఎందుకంటే డూప్లికేట్ సిమ్ తీసి ఓటీపీలు కాజేయడం తరచూ జరిగే మోసమే. రికవరీ కోడ్లు ప్రింటు తీసి బీరువాలో పెట్టండి.

డొమైన్‌కు ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి, ఐదేళ్లకు ఒకేసారి కట్టేయండి. విదేశీ రిజిస్ట్రార్ దగ్గర మన కార్డుతో ఆటో రెన్యువల్ పెట్టి నిశ్చింతగా ఉండొద్దు. రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే) నిబంధనలు 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చాక అలాంటి ఆటోమేటిక్ చెల్లింపులు చాలా ఫెయిలవుతున్నాయి.

డీఎన్ఎస్, మెయిల్

సర్వర్ మార్చే ముందు రోజే టీటీఎల్‌ను (పాత డీఎన్ఎస్ చిరునామాను ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెను) 300 సెకన్లకు దించండి. దించకుండా మారిస్తే కొందరు కస్టమర్లు పాత సర్వర్‌కే వెళ్తుంటారు, అక్కడ ఆర్డర్లు పెడతారు, అదే చీర కొత్త సర్వర్‌లో ఇంకొకరు కొంటారు. సర్వర్ మారేంతసేపు పాత సైట్‌లో కొనుగోలు ఆపేయడం తప్పనిసరి.

ఆర్డర్ మెయిళ్లు స్పామ్‌లో పడకుండా ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు డీఎన్ఎస్ రికార్డులూ పెట్టాలి; మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని ఇవి నిరూపిస్తాయి. ఒక డొమైన్‌కు ఎస్పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. మెయిల్ సర్వీసు మారినప్పుడు పాతది ఉంచి రెండోది చేరిస్తే రెండూ చెల్లవు. అందులోని డీఎన్ఎస్ లుకప్‌లు పది దాటకూడదు. డీమార్క్‌ను మొదట నన్ (none, అంటే ఏ చర్యా వద్దు) అని పెట్టి, రెండు మూడు వారాలు రిపోర్టులు చూశాక క్వారంటైన్‌కు (అనుమానం ఉన్నవాటిని స్పామ్‌లో పడేయడానికి) మార్చండి. మెయిళ్లు సర్వర్ నుంచే నేరుగా పంపే ప్రయత్నం వద్దు. చాలా క్లౌడ్ కంపెనీలు 25వ పోర్టును (పోర్టు అంటే సర్వర్‌లోకి డేటా వచ్చిపోయే అంకె గల ద్వారం) మూసే ఉంచుతాయి. ట్రాన్సాక్షనల్ మెయిల్ సర్వీసుకు (ఆర్డర్ మెయిళ్లు పంపిపెట్టే కంపెనీకి) 587 పోర్టు ద్వారా కలపండి.

సర్వర్ ఎంత ఉండాలి

ముందు ఒక మాట. ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ లోపాల సవరణలు) వేసే మనిషి మీ దగ్గర లేకపోతే సొంత వీపీఎస్ (మీరే చూసుకోవాల్సిన అద్దె సర్వర్) జోలికి పోకండి. నెలకు కొంచెం ఎక్కువైనా మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ హోస్టింగ్ (సర్వర్ నిర్వహణ కంపెనీయే చూసుకునేది) తీసుకోండి. పట్టించుకోని వీపీఎస్ కన్నా అదే భద్రం.

మనిషి ఉంటే, ఈ స్థాయి దుకాణానికి 2 వర్చువల్ సీపీయూలు, 4 జీబీ ర్యామ్, 80 జీబీ ఎస్ఎస్డీ సరిపోతాయి. ముంబై, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో ఏ డేటా సెంటరైనా పర్వాలేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఉబుంటు 24.04 ఎల్టీఎస్ వేసుకోండి.

సర్వర్ పడిపోయేది ఎక్కువగా ర్యామ్ లెక్క వేసుకోకపోవడం వల్లే. 4 జీబీలో సిస్టమ్‌కు 600 ఎంబీ, డేటాబేస్‌కు 1.3 జీబీ, రెడిస్‌కు (తరచూ వాడే డేటాను ర్యామ్‌లో ఉంచేది) 256 ఎంబీ తీసేస్తే పీహెచ్‌పీకి (వర్డ్‌ప్రెస్ కోడ్‌ను నడిపేది) మిగిలేది దాదాపు 1.8 జీబీ. వూకామర్స్‌లో ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 90 నుంచి 110 ఎంబీ తింటుంది. అంటే ప్రాసెస్‌ల పరిమితి 16 దగ్గర ఉండాలి. దాన్ని 50 అని వదిలేస్తే మామూలు రోజుల్లో ఏమీ కాదు. దసరా సేల్ రోజున ర్యామ్ నిండిపోయి, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) అన్నిటికంటే పెద్ద ప్రాసెస్‌ను చంపేస్తుంది. అది సాధారణంగా డేటాబేసే అవుతుంది. పరిమితి 16 ఉంటే రద్దీలో కస్టమర్ ఒకటి రెండు సెకన్లు ఆగుతారు, దుకాణం మాత్రం తెరిచే ఉంటుంది. 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగం) కూడా పెట్టండి.

ఫోన్‌తో తీసిన చీర ఫోటో 4 నుంచి 6 ఎంబీ ఉంటుంది. దాన్ని 1600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీగా (తక్కువ సైజు ఫోటో ఫార్మాట్‌గా) మారిస్తే 250 కేబీల దగ్గరికి వస్తుంది. అంచు, నేత దగ్గరగా కనిపించే ఒక ఫోటోను మాత్రం పెద్దదిగానే ఉంచండి, చేనేత కొనేవాళ్లు చూసేది అదే. ఒరిజినల్ ఫోటోలు సర్వర్‌లో దాచొద్దు.

మెయింటెనెన్స్ రాత్రి రెండింటికి చేయడం ఇక్కడ తప్పు. అప్పుడు అమెరికాలో పగలు, అక్కడివాళ్లు కొంటుంటారు. మనకు మధ్యాహ్నం రెండున్నర అంటే వేసవిలో న్యూయార్క్‌లో తెల్లవారుజామున ఐదు, కాలిఫోర్నియాలో రాత్రి రెండు. ఆ గంటే రెండు వైపులా తక్కువ రద్దీ. మీ ఆర్డర్ల వేళలు ఒకసారి చూసి ఖాయం చేసుకోండి.

సర్వర్‌కు తాళం వేసే వరుస

1. రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కాకుండా వేరే యూజర్‌ను చేసి, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కీతో, అంటే పాస్‌వర్డ్‌కు బదులు వాడే ఫైల్‌తో, లాగిన్ అవుతోందో చూడండి.
2. రూట్ లాగిన్, పాస్‌వర్డ్ లాగిన్ రెండూ ఆపండి. ఉబుంటు క్లౌడ్ సర్వర్లలో ఇక్కడో చిక్కు ఉంది. ప్రధాన ఫైల్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపినా, పక్క ఫోల్డర్‌లో క్లౌడ్-ఇనిట్ (సర్వర్‌ను మొదటిసారి సిద్ధం చేసే ప్రోగ్రామ్) రాసిన చిన్న ఫైల్ దాన్ని తెరిచే ఉంచవచ్చు. ఎస్ఎస్‌హెచ్ మొదట చదివిన విలువనే తీసుకుంటుంది, ఆ చిన్న ఫైల్‌ను ముందు చదువుతుంది. మార్చాక అమల్లో ఉన్న సెట్టింగులను తెర మీద చూపించుకుని సరిచూడండి.
3. ఇదంతా చేసేటప్పుడు పాత విండో మూయకండి. కొత్త విండోలో లాగిన్ అయ్యాకే మూయండి.
4. ఫైర్‌వాల్‌లో ముందు ఎస్ఎస్‌హెచ్ పోర్టును అనుమతించి, తర్వాతే ఆన్ చేయండి. ఆపైన 80, 443 (వెబ్‌సైట్ పోర్టులు). డేటాబేస్ 3306, రెడిస్ 6379 బయటికి అస్సలు కనిపించకూడదు. డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడితే జాగ్రత్త: అది తెరిచే పోర్టులు ఉబుంటు ఫైర్‌వాల్‌ను దాటుకుని బయటికి వస్తాయి. కంటైనర్లను 127.0.0.1కే (సర్వర్ లోపలికి మాత్రమే కనిపించే చిరునామాకే) కట్టేయండి.
5. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టండి. కెర్నల్ అప్‌డేట్ రీబూట్ అయ్యేదాకా పనిచేయదు కాబట్టి రీబూట్ వేళ కూడా నిర్ణయించండి.

80వ పోర్టు అవసరం లేదని మూసేసేవాళ్లున్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (సైట్ భద్రతా సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్ హెచ్‌టీటీపీ పద్ధతిలో తీసుకుంటే ధ్రువీకరణ ఆ పోర్టు మీదే జరుగుతుంది. మూస్తే రెన్యువల్ ఆగిపోతుంది, గడువు తీరిన రోజున కస్టమర్లకు ఎర్ర హెచ్చరిక కనిపిస్తుంది. గడువు దగ్గరపడిందని ఆ సంస్థ పంపే మెయిళ్లు కూడా 2025 జూన్ నుంచి ఆగిపోయాయి.

మీ సర్వర్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ (సందర్శకులకు, సర్వర్‌కు మధ్య నిలిచి దాడులను ఆపే సర్వీసు) పెడితే ఎస్ఎస్ఎల్ మోడ్ ఫుల్ స్ట్రిక్ట్ ఉండాలి. ఫ్లెక్సిబుల్ పెడితే క్లౌడ్‌ఫ్లేర్ నుంచి మీ సర్వర్ దాకా కస్టమర్ వివరాలు ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తాయి. 80, 443 పోర్టులకు క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలనే రానివ్వండి. అసలు విజిటర్ ఐపీ లాగ్‌లో పడేలా అమర్చండి, లేకపోతే ఫెయిల్‌టూబ్యాన్ (అనుమానాస్పద ఐపీలను ఆపే ప్రోగ్రామ్) క్లౌడ్‌ఫ్లేర్‌నే బ్లాక్ చేసి సైట్‌ను మూసేస్తుంది. కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలు క్యాష్ కాకూడదు (క్యాష్ అంటే ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే చూపించడం). క్యాష్ అయితే ఒకరి చిరునామా, ఫోన్ నంబరు ఇంకొకరికి కనిపించే ప్రమాదం ఉంది.

వర్డ్‌ప్రెస్

డబ్బులిచ్చి కొనాల్సిన థీమ్ ఎక్కడో ఉచితంగా దొరికిందని వేస్తే దానితోపాటు దొంగదారి కూడా వస్తుంది. వాడని ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి వదలకుండా డిలీట్ చేయండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా వెబ్ సర్వర్‌లో ఆపండి, ఎక్కించిన మాల్వేర్ ఎక్కువగా నడిచేది అక్కడే. డ్యాష్‌బోర్డ్ నుంచి ఫైళ్లు ఎడిట్ చేసే సౌకర్యం తీసేయండి. ప్యాకింగ్ చూసే అమ్మాయికి షాప్ మేనేజర్ హోదా చాలు, అడ్మిన్ అక్కర్లేదు.

టెస్ట్ సైట్‌కు విడిగా పాస్‌వర్డ్ పెట్టండి. అందులో అసలు కస్టమర్ల వివరాలు, లైవ్ పేమెంట్ కీలు ఉండకూడదు.

పేమెంట్, స్టాక్

ఒకే చీర ఇద్దరికి అమ్ముడయ్యేది ఎక్కువగా ఇలా: కస్టమర్ యూపీఐలో కడతారు, డబ్బు వెళ్తుంది, యాప్ నుంచి బ్రౌజర్‌కు తిరిగిరారు. గేట్‌వే పంపే వెబ్‌హుక్ (చెల్లింపు అయిందని మీ సైట్‌కు వచ్చే ఆటోమేటిక్ సందేశం) మీ ఫైర్‌వాల్ బాట్ పరీక్షలో ఇరుక్కుని సైట్‌కు చేరదు. ఆర్డర్ పెండింగ్‌లోనే ఉంటుంది. వూకామర్స్‌లో స్టాక్ పట్టి ఉంచే సమయం మామూలుగా 60 నిమిషాలు. అది దాటగానే ఆర్డర్ రద్దవుతుంది, చీర మళ్లీ అమ్మకానికి వస్తుంది, ఇంకొకరు కొనేస్తారు.

దీనికి చేయాల్సినవి ఇవి. వెబ్‌హుక్ చిరునామాను బాట్ పరీక్ష నుంచి మినహాయించండి, కానీ దానిలోని డిజిటల్ సంతకం సరిచూడకుండా దేన్నీ నమ్మొద్దు. వచ్చిన మొత్తం, ఆర్డర్ మొత్తం సమానమో కాదో సర్వర్‌లోనే పోల్చాలి. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు వచ్చినా ఆర్డర్ ఒక్కసారే మారాలి. ఆర్డర్ రద్దు చేసే ముందు గేట్‌వేను ఒకసారి అడిగి చూసేలా పెట్టించండి. పట్టి ఉంచే సమయాన్ని ఐదు పది నిమిషాలకు దించితే ఆలస్యంగా సక్సెస్ అయ్యే చెల్లింపులు రద్దయిన ఆర్డర్ల మీద పడతాయి. 30 నిమిషాలు సబబు. పేజీ క్యాష్ ఉన్న సైట్‌లో వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ (నిర్ణీత వేళల్లో పనులు నడిపేది) వేళకు నడవదు కాబట్టి సర్వర్ క్రాన్‌తో ఐదు నిమిషాలకోసారి నడిపించండి.

కార్డు నంబర్లు మీ దగ్గర దాచకూడదు. రిజర్వ్ బ్యాంకు 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులకు దాన్ని నిషేధించింది. గేట్‌వే పేజీలోనే కార్డు వివరాలు తీసుకోండి.

ఓటీపీ లాగిన్ ఉంటే ఒక నంబరుకు పది నిమిషాల్లో మూడు, ఒక ఐపీకి గంటకు పది అని హద్దు పెట్టండి. ఆ హద్దు లేని ఫారం మీద బాట్లు పడితే ఎస్ఎంఎస్ బ్యాలెన్స్ ఒక్క రాత్రిలో ఖాళీ అవుతుంది.

బ్యాకప్

రోజుకోసారి బ్యాకప్ ఈ దుకాణానికి చాలదు. నిన్నటి బ్యాకప్ వెనక్కి పెడితే ఈరోజు అమ్మిన చీరలన్నీ మళ్లీ స్టాక్‌లో కనిపిస్తాయి. డేటాబేస్ గంటకోసారి, ఫోటోలు, ఫైళ్లు రోజుకోసారి తీయండి. డేటాబేస్‌ను సింగిల్ ట్రాన్సాక్షన్ పద్ధతిలో తీస్తే టేబుళ్లు లాక్ కావు. గంటవి రెండు రోజులు, రోజువారీవి నెల, నెలవారీవి ఏడాది ఉంచండి.

బ్యాకప్‌లు హోస్టింగ్ కంపెనీ కాకుండా వేరే కంపెనీ స్టోరేజ్‌లో ఉండాలి. సర్వర్‌లో ఉండే కీకి రాసే అధికారమే ఇవ్వండి, చెరిపే అధికారం ఇవ్వొద్దు. సర్వర్‌లోకి దూరినవాడు మొదట వెతికేది బ్యాకప్‌లనే. ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ కీ సర్వర్ బయట కూడా ఒకచోట ఉండాలి.

మూడు నెలలకోసారి కొత్త సర్వర్ తీసుకుని బ్యాకప్ నుంచి సైట్ నిలబెట్టి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నిజంగా అవసరం పడ్డ రోజున సైట్ వెంటనే తెరవకండి. మెయింటెనెన్స్ మోడ్‌లో ఉంచి, బ్యాకప్ వేళ తర్వాత గేట్‌వేకు వచ్చిన చెల్లింపుల జాబితా దించుకుని, ఆ చీరలను స్టాక్‌లోంచి తీసి, ఆర్డర్లు చేతితో ఎక్కించాకే తెరవండి.

లాగ్‌లు, నిఘా

సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం హ్యాకింగ్ లాంటివి గమనించిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఉబుంటులో ఎంజినెక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) లాగ్‌లు మామూలుగా 14 రోజులకే చెరిగిపోతాయి, ఆ అంకె మార్చండి. ఎవరో లోపలికి వచ్చారని తేలితే సర్వర్‌ను వెంటనే తుడిచేయొద్దు. స్నాప్‌షాట్ (సర్వర్ ఉన్నదున్నట్టుగా నకలు) తీసి, పేమెంట్, మెయిల్, స్టోరేజ్ కీలన్నీ మార్చి, శుభ్రమైన సర్వర్ మీద మళ్లీ కట్టండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కస్టమర్ల వివరాలు కాపాడటంలో అశ్రద్ధకు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ₹250 కోట్ల దాకా జరిమానా ఉంది. కాబట్టి పాత చిరునామాలు, ఫోన్ నంబర్లు అక్కర్లేనివి ఏడాదికోసారి తీసేయండి.

సైట్ బతికుందో లేదో చూసే సర్వీసుకు హోమ్ పేజీ ఇస్తే లాభం లేదు. డేటాబేస్ పడిపోయినా క్యాష్‌లోంచి హోమ్ పేజీ వస్తూనే ఉంటుంది. చెకౌట్ పేజీలో ఒక మాటను వెతికేలా పెట్టండి. డిస్క్ 80 శాతం నిండినప్పుడు, సర్టిఫికెట్‌కు 20 రోజులే మిగిలినప్పుడు మెసేజ్ రావాలి. వీటితోపాటు, మామూలుగా ఆర్డర్లు పడే వేళల్లో వరసగా నాలుగు గంటలు ఒక్క చెల్లింపు కూడా పూర్తి కాకపోతే యజమాని ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టండి. గేట్‌వే కీ గడువు తీరడం, ప్లగిన్ అప్‌డేట్‌తో బటన్ పనిచేయకపోవడం లాంటివి మిగతా హెచ్చరికలేవీ పట్టుకోలేవు, ఇది పట్టుకుంటుంది.