ముందు అంచు చూడండి: మిలిట్రీ మెడల్స్ సేకరణ, నేవీ డాక్టరు సర్వీసు వెతికే పద్ధతి

పాత మెడల్ చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని చింతపండు పెట్టి తోమడం. దయచేసి ఆ పని చేయకండి. రూపాయి బిళ్లకు గీతలుండే చోట, అంటే అంచు మీద, సన్నటి అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి. మెడల్ విలువలో ముప్పాతిక అదే. విభూది పెట్టినా, బ్రాసో పెట్టినా, టూత్‌పేస్ట్ పెట్టినా ముందు అరిగిపోయేవి ఆ అక్షరాలే. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. తర్వాత కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పట్టుకుని, తిప్పుకుంటూ ఫోన్‌తో దగ్గరగా ఫోటోలు తీయండి. కంటికి కనిపించని అక్షరం ఫోటో పెద్దది చేస్తే దొరుకుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి 1914-15 స్టార్‌కైతే పేరు అంచు మీద ఉండదు, వెనకవైపు ఉంటుంది. రిబ్బన్ ఎంత మాసిపోయినా పారేయొద్దు.

నల్లగొండ, పాలమూరు వైపు మెడల్స్ షాపుల్లో కన్నా పాత ఇళ్ల సందూకల్లోనే ఎక్కువ. కుదువ దుకాణాల్లో, వెండి కరిగించే వాళ్ల దగ్గర కూడా అడుగుతూ ఉండండి. మొదటి యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, అందుకే చాలామటుకు కరిగిపోయి పట్టీలైపోయాయి. హైదరాబాద్ వెళ్తే జుమ్మెరాత్ బజార్ ఒక చుట్టు చుట్టండి, కానీ అక్కడ నకిలీలు కూడా అంతే ధీమాగా అమ్ముతారు. పోత పోసిన నకిలీ మీద బొమ్మ మొద్దుబారి, సబ్బు బిళ్లలా నున్నగా ఉంటుంది, సన్నటి గుంటలు కూడా కనిపిస్తాయి. ఇంకో మోసం ఏంటంటే అసలు మెడల్ అంచు ఆకురాయితో గీకి, గొప్ప యూనిట్ పేరు కొత్తగా కొట్టించడం. వెర్నియర్ కాలిపర్‌తో అంచు చుట్టూ వ్యాసం కొలవండి, బ్రిటిష్ వార్ మెడల్ 36 మిల్లీమీటర్లు ఉండాలి. గీకినదైతే కొలత తగ్గుతుంది. కొత్తవాళ్లు వీరచక్రాల జోలికి పోకుండా, చవగ్గా దొరికే మామూలు సర్వీసు మెడల్స్‌తో మొదలుపెట్టడం మంచిది. నన్నడిగితే పేరు లేని పది మెడల్స్ కన్నా పేరున్న ఒక్కటి మేలు.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కింద లెక్క. మొదటి యుద్ధం మెడల్స్‌కు నూరేళ్లు నిండాయి. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, విదేశాలకు పంపడం కుదరదు. ఆన్‌లైన్‌లో ఫారిన్ వాళ్లు డాలర్ల ఆశ చూపిస్తే తొందరపడకండి.

ఇక అసలు ఆట సెట్‌ను, అంటే ఒకే మనిషికి వచ్చిన మెడల్స్ అన్నిటినీ కలిపి చదవడంలో ఉంది. దేవరకొండ వైపు ఒక ఇంట్లో చూసిన నేవీ డాక్టరు సెట్‌నే తీసుకుందాం: పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ (1971 యుద్ధ కాలపు సర్వీసుకు ఇచ్చింది), స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, 20 ఏళ్ల సర్వీసు మెడల్, 9 ఏళ్ల సర్వీసు మెడల్. రజతోత్సవ మెడల్ 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు ఇచ్చింది, కాబట్టి ఆ రోజుకు ఆయన యూనిఫాంలో ఉన్నారు. 1997 స్వర్ణోత్సవ మెడల్ లేదు, అంటే అప్పటికి బయటికి వచ్చేశారు. 20 ఏళ్లది ఉంది, 30 ఏళ్లది లేదు. 1965 రక్షా మెడల్ కూడా లేదంటే, బహుశా ఆ యుద్ధం తర్వాతే చేరి ఉంటారు. పూర్వీ స్టార్ 1971లో తూర్పు వైపు పనిచేసినవాళ్లది, అదే పశ్చిమ వైపైతే పశ్చిమీ స్టార్ ఉండేది. ఒక్క కాగితం చూడకుండానే ఒక మనిషి పాతికేళ్ల జీవితానికి గట్లు దొరికాయి. అయితే లేని మెడల్‌ను సాక్ష్యంగా నమ్మేటప్పుడు కాస్త జాగ్రత్త, పిల్లలు ఆడుకుంటూ ఎక్కడో పారేసి ఉండొచ్చు కూడా.

ఆ ఇంట్లో వాళ్లు "మా తాత నేవీల కెప్టెన్ ఉండె" అన్నారు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆర్మీ కెప్టెన్, నేవీ కెప్టెన్ ఒకటి కాదు. ఆర్మీ కెప్టెన్‌కు సమానమైన నేవీ డాక్టరు సర్జన్ లెఫ్టినెంట్. నేవీలో సర్జన్ కెప్టెన్ అంటే ఆర్మీ కల్నల్ అంతటివాడు. మన త్రివిధ దళాల డాక్టర్లందరూ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ సర్వీసెస్ గొడుగు కిందికే వస్తారు, ఆర్మీ మెడికల్ కోర్ (ఎ.ఎం.సి.)లో కమిషన్, అంటే అధికారిగా నియామకం, తీసుకుని నేవీకి వెళ్లినవాళ్లు ఎందరో. కాబట్టి ఒకే మనిషి మెడల్స్‌లో ఒకదాని అంచు మీద కెప్టెన్ ఎ.ఎం.సి. అని, ఇంకోదాని మీద సర్జన్ లెఫ్టినెంట్ అని ఉంటే కంగారు పడొద్దు. నేవీ డాక్టరు కదా అని నేవీ కాగితాల్లోనే వెతికితే సగం కథ దొరకదు.

ఫోటో ఉంటే భుజం మీది పట్టీలు చూడండి. రెండు బంగారు చారలు సర్జన్ లెఫ్టినెంట్, రెండు లావు చారల మధ్య ఒక సన్నది ఉంటే లెఫ్టినెంట్ కమాండర్, మూడు కమాండర్, నాలుగు కెప్టెన్. డాక్టర్లకు ఆ చారల మధ్య ఎర్ర గుడ్డ ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ఎరుపు తెలియకపోయినా, చారల మధ్య సందు మిగతా నల్ల పట్టీ రంగులో కలవకుండా వేరుగా కనిపించవచ్చు.

ఆఫీసులకు రాసే ముందు ఇంట్లో కాగితాలు మొత్తం కిందికి దించాలి. పెద్దమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి అడగండి, కానీ మెడల్ కొంటానని మొదటి మాటలోనే అనకండి, తలుపు అక్కడే మూసుకుంటుంది. పెన్షన్ పీపీవో (పెన్షన్ మంజూరు చేసిన కాగితం), డిశ్చార్జి కాగితాలు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఎంబీబీఎస్ సర్టిఫికెట్ ముఖ్యం. 1960ల్లో మన తెలంగాణలో డాక్టరు చదువంటే ఉస్మానియా, గాంధీ, వరంగల్ కాకతీయ, కాబట్టి చదివిన ఏడాది తేల్చడం కష్టం కాదు. పాత ఉత్తరాల కవర్లు అస్సలు పారేయొద్దు. నేవీ ఓడలకు ఉత్తరాలు చేరవేసే ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ చిరునామాతో పాటు ఓడ పేరు ఉంటుంది, పోస్టు ముద్రలో తేదీ ఉంటుంది. ఒడ్డున ఉన్న రోజుల్లోనైతే ముంబయి అశ్విని, విశాఖ కల్యాణి, కొచ్చి సంజీవని లాంటి నేవీ ఆస్పత్రుల పేర్లు తగులుతాయి. అన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీల వారీగా రాసుకోండి, ఏ సంగతి ఏ కాగితంలో చూశారో పక్కనే రాయండి.

తర్వాత గెజిట్ ఆఫ్ ఇండియా. రక్షణ శాఖ అధికారుల నియామకాలు, ప్రమోషన్లు పార్ట్ 1 సెక్షన్ 4లో వస్తాయి, అవార్డులు పార్ట్ 1 సెక్షన్ 1లో. పాత సంచికల స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. చిక్కంతా మన పేర్లతోనే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తాం. అక్కడేమో చివరి మాటే ఇంటిపేరనుకుని రెడ్డి, రావు కింద పెట్టేస్తారు. రామచంద్రారెడ్డి అనే మనిషి అంచు మీద ఆర్.సి. రెడ్డి కావచ్చు, గెజిట్‌లో రామ, చంద్ర, రెడ్డి అని మూడు ముక్కలు కావచ్చు. అందుకే పేరుతో కాదు, సర్వీసు నంబరుతో వెతకండి. ప్రకటన అచ్చయిన తేదీ వేరు, అది అమల్లోకి వచ్చిన తేదీ వేరు. మీకు కావాల్సింది రెండోది.

అప్పటికీ ఖాళీలు మిగిలితే పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. "మొత్తం ఫైల్ ఇవ్వండి" అంటే తిప్పి కొడతారు. నంబరు రాసి, కమిషన్ తేదీ, పోస్టింగుల జాబితా, ఇచ్చిన మెడల్స్ వివరం అని విడివిడిగా అడగండి. వ్యక్తిగత సమాచారం అని సెక్షన్ 8(1)(జె) చూపించే అవకాశం ఉంది. 20 ఏళ్లు దాటిన సంగతులకు ఆ మినహాయింపు అడ్డు కాదని 8(3) చెబుతోంది, ఆ మాట దరఖాస్తులోనే రాసేయండి. భార్యో కొడుకో సంతకం పెట్టి అడిగితే పని ఇంకా సులువు. ఎవరికి పంపాలో తేలకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఒకవేళ మీకు దొరికింది సికింద్రాబాద్ కంటోన్మెంట్ రోజుల నాటి తెల్లదొర మెడల్ అయి, అంచు మీద సర్జన్, ఆర్.ఎన్. (రాయల్ నేవీ, అంటే బ్రిటిష్ నేవీ) అని ఉంటే దారి లండన్ వైపు. అక్కడి క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం (ADM) 196 అనే రికార్డుల వరుస కింద రాయల్ నేవీ అధికారుల సర్వీసు రికార్డులు, ఏడీఎం 171 కింద మెడల్ రోల్స్ ఉంటాయి. లండన్ గెజిట్ ఆన్‌లైన్‌లో ఉచితం. రెండో ప్రపంచ యుద్ధం స్టార్లు బ్రిటిష్ వాళ్లకు పేరు కొట్టకుండానే ఇచ్చారు, మన సైనికులకు ఇచ్చినవాటికి పేరుండేది. అందుకని పేరు లేని బర్మా స్టార్ చూపించి "ఇది ఫలానా నేవీ డాక్టరుగారిది" అని ఎవరైనా ధర పెంచితే, కాగితం చూపించమనండి. లేదంటే మామూలు స్టార్ రేటే ఇవ్వండి.