దవాఖానలో ఉన్నవాళ్ల క్రెడిట్ కార్డు బిల్లు గడువు దాటకుండా కట్టడం ఎట్లా?

ఇంట్లో మనిషి నల్లగొండ, పాలమూరు జనరల్ దవాఖానల్లోనో, హైదరాబాద్ నిమ్స్‌లోనో పది రోజులు పడుకుంటే అందరి ధ్యాసా మందుల మీదే ఉంటుంది. కార్డు బిల్లు గుర్తొచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. నిజానికి ఆ బిల్లు కట్టడం చాలామంది అనుకునేంత కష్టం కాదు. కార్డు మీ చేతిలో ఉండక్కర్లేదు, పిన్ తెలియక్కర్లేదు, వాళ్ల ఫోనుకు వచ్చే ఓటీపీ అసలే వద్దు. అవన్నీ కార్డు మీద ఖర్చు పెట్టడానికి. బాకీ కట్టడమైతే ఎవరైనా తమ ఖాతాలోంచి కట్టొచ్చు.

మనిషి మాట్లాడగలిగితే ఐదు నిమిషాల పని. "పెదబాపూ, కార్డు నంబరంతా వద్దు, చివరి నాలుగు అంకెలు చెప్పు చాలు" అని అడగండి. ఏ బ్యాంకు కార్డు, దానికి ఏ ఫోను నంబరు ఇచ్చారు, నెలలో ఏ తారీఖులోపు కట్టాలి, ఆటో డెబిట్ (ఖాతాలోంచి బిల్లు దానంతటదే పోయే ఏర్పాటు) ఉందా, ఉంటే ఏ ఖాతా నుంచి అనే నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి. కార్డులు రెండు మూడు ఉంటే ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంటుంది, విడివిడిగా రాయండి. వెనకాల ఉండే సీవీవీ అంకెలు మాత్రం ఎక్కడా రాయొద్దు.

మాట్లాడే స్థితిలో లేకపోతే వాళ్ల బ్యాంకు పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించి చూడండి. నెలనెలా దాదాపు ఒకే తేదీకి కార్డు పేరుతో పోయిన మొత్తం కనిపిస్తుంది. ఇంటికి వచ్చిన పాత స్టేట్‌మెంట్ కవర్లలో కూడా గడువు తేదీ ఉంటుంది. ఇంకో చిన్న పని ఉంది, తప్పకుండా చేయండి. ఆ ఫోను రీచార్జి అయిపోకుండా చూడండి. రీచార్జి లేక ఇన్‌కమింగ్ ఆగిపోతే బ్యాంకు మెసేజ్‌లేవీ రావు, గడువు దాటిన సంగతి కూడా తెలియదు.

కట్టేటప్పుడు మీ ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో బిల్లుల విభాగంలో క్రెడిట్ కార్డు తెరిచి బ్యాంకును ఎంచుకోండి. సాధారణంగా కార్డుకు ఇచ్చిన ఫోను నంబరు, చివరి నాలుగు అంకెలు అడుగుతుంది. తెర మీద పేరు కనిపిస్తే అది మీ వాళ్లదేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే యూపీఐ పిన్ కొట్టండి, అది కూడా మీ ఖాతాదే. నెఫ్ట్ ద్వారా, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు పైసలు పంపే పద్ధతిలో కూడా కట్టొచ్చు. ఖాతా నంబరు చోట పూర్తి కార్డు నంబరు వేయాలి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ స్టేట్‌మెంట్‌లోనో బ్యాంకు వెబ్‌సైట్‌లోనో చూసుకోండి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. పదహారు అంకెల నంబరు తప్పుగా కొడితే పైసలు ఇంకొకరి కార్డులో పడొచ్చు, వెనక్కి తెప్పించుకోవడం పెద్ద తిప్పలు. నంబరు పక్కవాళ్లతో చదివించుకుంటూ కొట్టండి.

గడువు రోజు దాకా ఆగొద్దు. మీ ఖాతాలోంచి వెంటనే పోయినా కార్డు లెక్కలో చేరడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గడువు దాటి మూడు రోజులకు మించి బాకీ ఉంటేనే లేటు ఫీజు వేయాలి, ఆలస్యమైందని అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్‌కు తెలపాలి. అది చిక్కుల్లో పడ్డప్పుడు ఆదుకునే వెసులుబాటు, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఆ మూడు రోజులు దాటితే ఆలస్యాన్ని అసలు గడువు తేదీ నుంచే లెక్కిస్తారు.

ఎంత కట్టాలన్నది అసలు ప్రశ్న. స్టేట్‌మెంట్‌లో రెండు మొత్తాలుంటాయి, టోటల్ డ్యూ (మొత్తం బాకీ), మినిమం డ్యూ (కనీసం కట్టాల్సింది). మినిమం కడితే లేటు ఫీజు పడదు, కానీ మిత్తి ఆగదు. 40,000 బిల్లుకు 2,000 మినిమం కట్టారనుకోండి. మిగిలిన 38,000 మీద నెలకు మూడున్నర శాతం లెక్కన మిత్తి 1,330, దాని మీద 18 శాతం జీఎస్టీ 239. అంటే కట్టిన రెండు వేలల్లో దాదాపు 1,570 మిత్తికే పోయింది. ఊరి లెక్కలో చెప్పాలంటే ఇది నూటికి మూడున్నర రూపాయల మిత్తి. రెండు రూపాయల మిత్తికి చేబదులు తెచ్చి కట్టినా ఇంతకంటే నయమే, బ్యాంకులో బంగారం లోను ఇంకా నయం. పాత బాకీ మిగిలి ఉండగా ఆ కార్డు మళ్లీ గీకితే, గీకిన రోజు నుంచే కొత్త ఖర్చు మీదా మిత్తి మొదలవుతుంది. అందుకే మొత్తం తీర్చలేని కార్డుతో మందులు కొనొద్దు. ఆ కార్డుతో ఏటీఎంలో పైసలు అసలే తీయొద్దు, ఫీజుతో పాటు తీసిన రోజు నుంచే మిత్తి పడుతుంది.

స్వైపింగ్ మిషన్ పెట్టుకుని "బిల్లు రొటేషన్ చేస్తం" అనే దుకాణాలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లే బిల్లు కట్టి, వెంటనే అదే కార్డు గీకి కమీషన్ పట్టుకుంటారు. అప్పు అట్లనే ఉంటుంది, కార్డూ పిన్నూ పరాయి చేతిలోకి పోతాయి. ఎంత ఇబ్బంది ఉన్నా అటు పోవద్దు.

ఆటో డెబిట్ ఉంటే గడువుకు రెండు రోజుల ముందే ఆ ఖాతాలో సరిపడా పైసలు వేసి పెట్టండి. ఖాతా ఖాళీగా ఉంటే బౌన్స్ చార్జీ, లేటు ఫీజు రెండూ పడతాయి. ఆటో డెబిట్ ఉన్నప్పుడే మీరు విడిగా కూడా కడితే రెండుసార్లు పోవచ్చు. ఎక్కువ పడ్డది పోదు, కార్డులో జమగా ఉంటుంది, అడిగితే తిరిగి ఇస్తారు.

పైసలు రోగి ఖాతాలోనే ఉన్నాయా? జాయింట్ ఖాతా "ఇద్దరిలో ఎవరైనా" పద్ధతిలో ఉంటే రెండో మనిషి తీయొచ్చు. ఒక్కరి పేరునే ఉండి సంతకం పెట్టలేకపోతే, బ్యాంకు మేనేజరుకు చెప్పి వేలిముద్రతో తీసుకునే పద్ధతి ఉంది. దానికి బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి. 70 ఏళ్లు దాటినవాళ్లకు, జబ్బుతో కదలలేనివాళ్లకు ఇంటి దగ్గరే సేవలందించాలని 2017లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది, దాని గురించి బ్రాంచిలో అడగండి. వాళ్ల ఫోనులోంచి యూపీఐ కొట్టి తీయడం మాత్రం వద్దు, రేపు అన్నదమ్ముల మధ్య అదే పెద్ద గొడవవుతుంది.

దవాఖాన బిల్లుకే కార్డు గీకాల్సి వస్తే, ముందు ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్లి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడగండి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు.

అస్సలు కట్టలేని పరిస్థితైతే మౌనంగా ఉండొద్దు. కార్డు వెనక ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లవి కూడా ఉంటాయి. రోగి రెండు మాటలు మాట్లాడగలిగితే స్పీకర్‌లో పెట్టి, బాకీని ఈఎంఐగా మార్చమని వాళ్లతోనే అడిగించండి. కార్డు మిత్తి కంటే ఈఎంఐ మిత్తి మామూలుగా తక్కువే. మినిమం కూడా కట్టకుండా 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బ్యాంకుకు రాసిచ్చినా 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, సమాచారానికి 14448. ఈ బాకీ కార్డు యజమానిదే, సాయంగా కట్టినంత మాత్రాన మీది కాదు. మీ పేర యాడ్ ఆన్ కార్డు (అదే ఖాతా మీద ఇంట్లోవాళ్లకు ఇచ్చే అదనపు కార్డు) ఉన్నా బాధ్యత అసలు కార్డుదారుడిదే.

డిశ్చార్జి అయ్యాక లేటు ఫీజు మాఫీ చేయమని, డిశ్చార్జి సమ్మరీ జత చేసి, కార్డుకు ఇచ్చిన మెయిల్ నుంచే రాయించండి. చేసి తీరాలని లేదు గానీ పాత చెల్లింపులు సక్రమంగా ఉంటే వినే అవకాశం ఉంది. ఆలస్యంగానైనా మొత్తం కట్టేశాం కదా అని వచ్చే నెల స్టేట్‌మెంట్ పక్కన పడేయొద్దు. మీరు కట్టిన రోజు వరకు పడ్డ మిత్తి అందులో వస్తుంది. అది కట్టకపోతే మళ్లీ లేటు ఫీజు పడొచ్చు.