రైఫిల్ మూతికి పిన్ను వేసి వెల్డింగ్ చేసిన భాగాన్ని తీసే ముందు

ముందు చట్టం చూసుకోండి. అమెరికాలో కొన్ని ఏఆర్-15 రకం రైఫిళ్ల బ్యారెల్ (తూటా బయటికి వెళ్లే గొట్టం) 14.5 అంగుళాలే. మూతికి శాశ్వతంగా బిగించిన భాగంతో కలిపితేనే అది చట్టం కోరే 16 అంగుళాలకు చేరుతుంది. ఆ భాగం ఊడితే, 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం ప్రకారం అది పొట్టి బ్యారెల్ రైఫిల్. ముందస్తు అనుమతి, నమోదు లేకపోతే తీవ్ర నేరం. బ్యారెల్ అసలు పొడవు తెలియకుండా డ్రిల్లు ముట్టుకోకండి. అనుమానం ఉంటే లైసెన్సున్న తుపాకుల మెకానిక్‌కు అప్పగించండి.

• మ్యాగజైన్ తీసి, చాంబర్‌ను (తూటా కూర్చునే అరను) కంటితో చూడండి, వేలితో తడమండి. మీరు పనిచేసే గదిలోనే తూటాలు ఉండకూడదు.

• కళ్లద్దాలు తప్పనిసరి.

• వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) బ్యారెల్‌నే పట్టించండి. రిసీవర్‌ను (బ్యారెల్ బిగించి ఉండే రైఫిల్ ప్రధాన భాగాన్ని) పట్టిస్తే మెలితిప్పే బలమంతా దాని మీద పడి అది పాడవుతుంది.

• పిన్ను బ్యారెల్‌లోని చిన్న గుంటలో కూర్చుంటుంది. డ్రిల్లు బిట్‌కు లోతు గుర్తుగా టేపు చుట్టండి. గుంట దాటి దిగితే బ్యారెల్ పోయినట్టే.

• పిన్ను తీశాకా ఆ భాగం కదలకపోతే రెంచికి పొడవైన గొట్టం తగిలించకండి. మరలకు రాక్‌సెట్ జిగురు పూసి ఉండవచ్చు. అది వేడికి లొంగదు, నీళ్లలో నానబెడితే వదులుతుంది.