ఎండలు ముదిరేలోపు పాత కారులో కూలెంట్ లీక్ పట్టుకోండి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే ఇంక మన చేతిలో ఉన్నది నెల, మహా అయితే నెలన్నర. ఆ తర్వాత రెంటచింతల, రామగుండం వైపు 45 డిగ్రీలు కూడా చూస్తాం, అందుకే పదేళ్ళు దాటిన కారు ఉన్నవాళ్ళు ఈలోపే ఒక ఆదివారం పొద్దున్నే బోనెట్ ఎత్తి కూలెంట్ (ఇంజన్ వేడిని లాగి రేడియేటర్ దగ్గర చల్లార్చే ద్రవం) సంగతి తేల్చేసుకోండి. చలికాలంలో చిన్న లీకులు ఇబ్బంది పెట్టవు, బయట చల్లగా ఉంటుంది, ఏసీ పెద్దగా వెయ్యం, కొంచెం తక్కువున్నా బండి లాగేస్తుంది. అదే మే నెలలో ఏసీ వేసి అయిదుగురు ఎక్కి ట్రాఫిక్‌లో ఆగితే, రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ వేడి కూడా దాని మీదే పడుతుంది, అప్పుడు ఆ తక్కువైన కూలెంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) మీదకి తెస్తుంది.

కూలెంట్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదండీ. లోపలే తిరుగుతూ ఉంటుంది, వేడికి పొంగినప్పుడు డబ్బాలోకి వస్తుంది, చల్లారితే మళ్ళీ లోపలికి పోతుంది, అంతే. "వారానికో గ్లాసు నీళ్ళు పోస్తున్నా, బండి బానే ఉంది" అనేవాళ్ళని చాలా మందిని చూశాను, నేనూ ఏడాది పాటు అదే చేశాను. ఆ గ్లాసు ఎక్కడికి పోతోందో తెలిసేదాకా ఊరి పొలిమేర దాటొద్దు.

మాకు జరిగింది చెప్తాను. మే నెల, హైదరాబాద్ నుంచి విజయవాడకి పెళ్ళికి వెళ్తున్నాం, సూర్యాపేట దాటాక ఏసీ గాలి వేడిగా రావడం మొదలైంది, కారులో ఏదో పాకం కాగుతున్నట్టు తియ్యటి వాసన. మీటర్ చూస్తే టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, కాసేపటికి ఇంకా కిందకి దిగింది, అమ్మయ్య చల్లబడిందిలే అనుకున్నా. అసలు సంగతేంటంటే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చూపిస్తుంది, నీళ్ళు అయిపోతే అది చుట్టూ ఉన్న గాలిని కొలుస్తుంది, లోపల ఇంజన్ మాడిపోతున్నా ముల్లు మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. ముల్లు ఉన్నట్టుండి పడిపోయినా, ఏసీ ఉన్నట్టుండి వేడి గాలి కొట్టినా, ఆ వాసన వచ్చినా వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యండి.

మేం ఆపాం, కానీ బోనెట్ ఎత్తగానే మా బాబాయ్ తువ్వాలు చుట్టి రేడియేటర్ క్యాప్ తిప్పేశాడు. తువ్వాలు ఆపలేదు, ఆవిరి, మరిగే నీళ్ళు ఒక్కసారి పైకి తన్నాయి, తడిసిన తువ్వాలు మోచేతికి అతుక్కుని ఇంకా కాల్చింది, రెండు నెలలు పట్టింది ఆ చెయ్యి మామూలవ్వడానికి. క్యాప్ మీద 0.9 అనో 1.1 అనో రాసుంటుంది చూడండి, అది ప్రెషర్. ఆ ప్రెషర్‌లో నీళ్ళు 100 దగ్గర కాకుండా 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి, మనం క్యాప్ తిప్పగానే ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి పైకి తన్నుతాయి. తక్కువలో తక్కువ గంట ఆగాలి, ఆ తర్వాత పైన లావు రబ్బర్ హోస్‌ని గుడ్డతో పట్టుకుని నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి, గట్టిగా ఉంటే ఇంకా ఆగండి. ఒకవేళ కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి, టూత్‌పేస్టు, సిరా లాంటివి పూయొద్దు, ఆ తర్వాత హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఇంకోటి, ఇంజన్ ఆపాక కూడా కొన్ని బళ్ళల్లో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, అందుకే చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్యండి.

ఇక వెతకడం. రాత్రి బండి పెట్టేటప్పుడు ముందు భాగం కింద తెల్లటి అట్టముక్కలు పరచండి, పొద్దున్న మరక ఎక్కడుంది, ఏ రంగు అని చూడండి. రంగు లేకుండా ఉత్త నీళ్ళైతే మామూలుగా అది ఏసీ నీరు (మీరు ఉత్త నీళ్ళే పోస్తూ వస్తుంటే మాత్రం అదీ లీకే కావచ్చు), ఆకుపచ్చ, గులాబి, నీలం లాంటివైతే కూలెంట్. చల్లగా ఉన్నప్పుడే టార్చ్ వేసి ప్రతి జాయింట్ చూస్కోండి, లీకైన చోట ఇంజన్ వేడికి తడి ఆరిపోయి తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకున్నట్టు మరక మిగులుతుంది, చాలా సార్లు తడి కనపడదు ఆ మరకే పట్టిస్తుంది. హోస్ చివర్లు క్లిప్పుల దగ్గర, రేడియేటర్‌కి పైనా కిందా (కొన్నిటికి పక్కల్లో) ఉండే ప్లాస్టిక్ ట్యాంక్ అల్యూమినియంతో కలిసే అంచు, డబ్బా అడుగు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వదలని వాల్వు) మూత, ఆ తర్వాత మన మెకానిక్‌లు వాటర్ బాడీ అనే వాటర్ పంప్. పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపల సీల్ పోతే అక్కడ్నించి కారుతుంది, దాన్ని మూసేస్తే లీక్ ఆగదు, బేరింగ్ పాడవుతుంది, పంప్ మార్చాల్సిందే. కొన్ని బళ్ళల్లో పంప్ టైమింగ్ బెల్ట్ వెనకాల ఉంటుంది, బెల్ట్ మార్చేటప్పుడే పంప్ కూడా వేయించెయ్యండి, లేకపోతే అదే కూలీ రెండుసార్లు ఇవ్వాలి.

కళ్ళకి కనపడకపోతే ప్రెషర్ టెస్టర్ ఉన్న గ్యారేజీకి వెళ్ళండి. క్యాప్ తీసి అక్కడ చేతి పంపు బిగించి, క్యాప్ మీద రాసినంత ప్రెషర్ మాత్రమే ఎక్కించి పది పదిహేను నిమిషాలు వదిలేస్తారు. ముల్లు పడిపోతుంటే లీక్ ఉన్నట్టే, ఇంజన్ నడవకుండానే వెతకొచ్చు కాబట్టి దీనంత మంచి పద్ధతి ఇంకోటి లేదు, నాకు రేడియేటర్ అంచులో వెంట్రుకంత చీలిక దొరికింది ఇలాగే. క్యాప్‌ని కూడా అదే టెస్టర్‌తో చెక్ చేయించండి, దాని రబ్బరు ఎండిపోతే ప్రెషర్ నిలవక కూలెంట్ పొంగి పోతుంది, చాలా చవక పార్టు అది.

ప్రెషర్ పడిపోతోంది కానీ బయట ఎక్కడా తడి లేదంటే లోపలికి పోతోందని అర్థం. ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా ఉండి అద్దం మీద జిడ్డు ఆవిరి పడితే హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లీకవుతున్నట్టు. పొద్దున్నే స్టార్ట్ చేశాక తెల్ల పొగ తగ్గకపోయినా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే హోస్ రాయిలా గట్టిపడినా, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలకాఫీ రంగు ఉన్నా హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి, బండి నడపకుండా టో చేయించడం మేలు.

హోస్ మార్చడం మనమే చేస్కోవచ్చు. పాతది అతుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో గెలకొద్దు, ప్లాస్టిక్ మూతి విరిగితే రేడియేటర్ పోయినట్టే, బ్లేడుతో హోస్‌ని నిలువుగా కోసి ఒలిచెయ్యండి. రేడియేటర్ ప్లాస్టిక్ చీలితే ఎం-సీల్ పెట్టి సరిపెట్టొద్దు, వేడికి సాగి చల్లారి ముడుచుకుని ఎప్పుడో నడిరోడ్డు మీద ఊడుతుంది. పసుపు పోస్తే లీక్ ఆగుతుందని లారీ వాళ్ళ చిట్కా ఒకటుంది, ఎక్కడా దిక్కులేని చోట నుంచి బయటపడటానికి తప్ప వాడకండి, హీటర్ కోర్ సన్న గొట్టాలు పూడుకుపోతాయి. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందనే సలహా కూడా వినొద్దు, దాని వల్ల లీక్ ఆగదు, ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

నింపేటప్పుడు బోరు నీళ్ళు అస్సలు వద్దు, మన బోరు నీళ్ళు గిన్నెలకే తెల్లగా పట్టేస్తాయి, రేడియేటర్‌ని వదుల్తాయా. రెడీ మిక్స్ అయితే నేరుగా పొయ్యండి, చిక్కటిదైతే డబ్బా మీద చెప్పినట్టు, ఎక్కువగా సగానికి సగం, డిస్టిల్డ్ వాటర్ కలపండి. రంగు చూసి రెండు రకాలు కలిపెయ్యొద్దు, మాన్యువల్‌లో ఏది రాస్తే అదే. నింపేప్పుడు బండి ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండేలా పెట్టి, చల్లటి ఇంజన్ క్యాప్ తీసి, హీటర్ ఫుల్ వేడికి తిప్పి స్టార్ట్ చేస్తే గాలి బుడగలు బయటికొస్తాయి, తగ్గినకొద్దీ పోస్తూ ఉండండి, బుడగలు ఆగాక, మరీ వేడెక్కకముందే క్యాప్ పెట్టెయ్యాలి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి.

తీసిన పాత కూలెంట్ వెడల్పు టబ్బులో పట్టి మూతున్న డబ్బాలో పోసి గ్యారేజీలో ఇచ్చెయ్యండి. తియ్యగా ఉంటుంది కాబట్టి వీధి కుక్కలు నాకుతాయి, కొంచెం తాగినా కిడ్నీలు పోయి చచ్చిపోవచ్చు, చిన్నపిల్లలకీ అంతే ప్రమాదం. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు, అది పిల్లల చేతికి అందితే ఇంక చెప్పక్కర్లేదు.

రిపేర్ అయ్యాక చల్లారిన ఇంజన్ మీద డబ్బాలో లెవెల్ దగ్గర మార్కర్‌తో గీత గియ్యండి, వారం రోజులు పొద్దున్నే చూడండి. గాలి పూర్తిగా పోయేదాకా మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం దిగొచ్చు, అప్పుడు పోసి కొత్త గీత పెట్టుకోండి. ఆ గీత కదలకపోతే శ్రీశైలం ఘాట్ ఎక్కండి, కదిలిందంటే బస్సుకి టికెట్ బుక్ చేస్కుని బండిని మళ్ళీ గ్యారేజీలో వదలండి.