ఫారిన్ ఎంబీఏ పిల్లలకి భీమవరం సైడు కంపెనీలు చూపించాలంటే

హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలు చూసేసి రెండ్రోజులు మన గోదారి సైడు కూడా వస్తామని ఫారిన్ బిజినెస్ స్కూల్ బ్యాచ్‌లు అడుగుతుంటాయి కదా, రెండు బ్యాచ్‌లు తిప్పాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

మొదటిసారి రోజుకి నాలుగు రొయ్యల కంపెనీలు పెట్టేశాను. ఎక్కడికెళ్ళినా బొకే, శాలువా, జీడిపప్పు ప్లేటు, ఏసీ రూములో పీపీటీ, ఓనర్ గారితో ఫొటో. సాయంత్రం బస్సులో ఒకమ్మాయి అడిగింది, ఇంతకీ రొయ్య ఏదండీ అని. నా మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

అందుకే ఒక్క రొయ్యనే పట్టుకుని చెరువు నుంచి కంటైనర్ దాకా వెళ్ళండి. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే పని ఉన్న చెరువు చూసుకోండి, రేటుని బట్టి రైతు తేదీ మార్చేస్తాడు, ముందురోజు రాత్రి కూడా ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. తెల్లారకముందే గట్టు మీద ఉండాలి. చెక్ ట్రే, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్ళెం, పైకి లాగించండి, అందులో మేత మిగిలితే తర్వాత పూట మేత తగ్గిస్తారు, ఖర్చులో పెద్ద భాగం మేతదే కాబట్టి క్లాసులో చెప్పే కాస్ట్ కంట్రోల్ అంతా ఆ ట్రేలోనే కనపడుద్ది. కౌంటు ముందే చెప్పెయ్యండి, 30 కౌంటంటే కేజీకి 30 రొయ్యలు, నంబర్ తగ్గితే రేటు పెరుగుద్ది. అమెరికా ప్యాకెట్ మీద 16/20 అని ఉండేది పౌనుకి 16 నుంచి 20 రొయ్యలని లెక్క, అదీ తల తీసేశాక. ఇక్కడ అందరూ తికమక పడతారు.

రొయ్యల్ని శుభ్రం చేసి గడ్డకట్టించే ప్లాంటుకి పాస్‌పోర్ట్ కాపీలు వారం ముందే పంపండి. ఉంగరాలు, వాచీలు, సెంటు, నెయిల్ పాలిష్ వద్దని చెప్పండి, లోపల ఫొటోలు అడక్కండి, రొయ్య అలర్జీ ఎవరికుందో ముందే కనుక్కోండి. కోల్డ్ స్టోర్ మైనస్ 18, షార్ట్స్‌లో వచ్చినోళ్ళు వణికిపోతారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ఏం జరిగిందో ఎక్స్‌పోర్టర్‌నీ అడిగించండి, మళ్ళీ రైతునీ అడిగించండి. రెండు జవాబులూ ఒకటిగా ఉండవు, పిల్లల రిపోర్టుకి అదే సరుకు.

సంక్రాంతికి మాత్రం వద్దు బాబూ, భీమవరంలో రూములు దొరకవు, ప్లాంటులో మనుషులుండరు, పిల్లలు కోడిపందేల బరుల దగ్గరే ఉండిపోతారు.

రెండో రోజు నర్సాపురం లేసు పెట్టండి, షోరూం కాదు, ఇళ్ళకి తీసుకెళ్ళండి. ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూనే లేసు అల్లేస్తుంటారు, చెయ్యి మాత్రం ఆగదు. పీసుకి ఎంతిస్తారు, ఎన్ని రోజులు పడుద్ది అని అడగాల్సింది వాళ్ళనే, కానీ పక్కన పని ఇచ్చే ఏజెంటుంటే అంతా బానే ఉందండీ అనేస్తారు. అందుకని ఆయన్ని టీకి తీసుకెళ్ళడం మీ డ్యూటీ, ఓ అరగంట రానివ్వకండి.