తోటపనికి గట్టి మచ్చుకత్తిని ఎంచుకునే పద్ధతి

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, శ్రీనివాసపురం వైపో మదనపల్లె వైపో ఉన్న మామిడితోటకు శని, ఆదివారాల్లో వెళ్లివచ్చే తెలుగువారికి కొమ్మలు నరకడానికి, కంప కొట్టడానికి, కొబ్బరిబోండాం చెక్కడానికి మంచి కత్తి ఒకటి అవసరం. తోటలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆత్మరక్షణకు కూడా పనికివస్తుందన్న ఆలోచన కొనేవారికి ఉండడం సహజమే. అయితే ఆ ఆలోచనతో పొడవైన, మొన తేలిన, మెరుగుపెట్టిన కత్తిని కొంటే అది పనికీ అక్కరకు రాదు, ఆపదలోనూ ఆదుకోదు. కాబట్టి కత్తిని పనిని బట్టే ఎంచుకోవాలి.

ముందుగా ఆకారం. లావు కొమ్మలకు, కొబ్బరిబోండాలకు బరువైన మచ్చుకత్తి కావాలి. ముళ్లకంపను తమ వైపు లాగి కొట్టేవారికి మొన దగ్గర కొక్కెంలా వంగిన రకం అనుకూలం. తమిళనాడులో శివగంగ జిల్లాలోని తిరుప్పాచేత్తి ఇటువంటి కత్తులకు పేరుపొందింది. నేపాలీల ఖుక్రీలో బరువు ముందుభాగాన ఉంటుంది కనుక చిన్న కత్తే అయినా దెబ్బ బలంగా పడుతుంది. గడ్డికి మాత్రం వీటిలో ఏదీ వద్దు, పలుచని కొడవలి చాలు.

అసలు పరీక్ష ఇనుముది. మన కమ్మరులు మంచి మచ్చుకత్తులను ఎక్కువగా లారీల పాత కమాను పట్టాలతో చేస్తారు. ఆ ఉక్కులో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది కాబట్టి పాయనం (కాల్చి ముంచి గట్టిపరచడం) పట్టి గట్టిపడుతుంది. పలుచని మెత్తటి రేకును కోసి, రంగు వేసి అమ్మే కత్తికి ఎంత నూరినా పదును నిలవదు. పాయనం పెట్టేటప్పుడు అనుభవమున్న కమ్మరి వాదరను, అంటే కోసే అంచును గట్టిపరిచి, వీపును కొంత మెత్తగానే వదిలేస్తాడు. వాదర గట్టిగా ఉంటేనే పదును నిలుస్తుంది, వీపు మెత్తగా ఉంటేనే దెబ్బకు కత్తి విరగకుండా ఉంటుంది.

దీన్ని అంగడిలోనే చూసుకోవచ్చు. అమ్మేవారిని అడిగి, పిడికి దగ్గరగా వాదర మీద ఆకురాయిని (ఇనుమును అరగదీసే పనిముట్టును) ఒక్కసారి తేలికగా రాయండి. ఆకురాయి మేకు మీద దిగినట్టు లోతుగా దిగితే పాయనం లేదని అర్థం. గాజు మీద జారినట్టు జారిపోతే వాదర మరీ పెళుసుగా ఉందని, గట్టి కణుపు తగిలితే పెచ్చు లేస్తుందని అర్థం. కష్టపడి కొద్దిగా పట్టుకుంటే అదే సరైన పాయనం. తర్వాత కత్తిని వెలుతురు వైపు తిప్పి వాదర పొడవునా చూడండి. సాన చక్రం మీద అతిగా వేడెక్కిన చోట నీలిరంగు చారలు కనిపిస్తాయి, అక్కడ పాయనం పోయినట్టే. వీపు మీద గోటితో కొట్టినప్పుడు మోత స్పష్టంగా ఉండాలి. పగిలిన మోత వస్తే లోపల పగులు ఉండవచ్చు. మెరుగు చూసి మోసపోకండి, సమ్మెట దెబ్బల గుర్తులున్న నల్లటి కత్తే చాలాసార్లు మేలైనది.

వీపు దగ్గర 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉండి, వాదర వైపు క్రమంగా సన్నబడాలి. బరువు అరకిలో నుంచి 700 గ్రాముల మధ్య ఉంటే చాలామంది చేతికి సరిపోతుంది. ఇంకా బరువైనది గంటసేపు పనిచేసేసరికి మణికట్టును లాగేస్తుంది, అలసిన చేతిలోని కత్తి గురి తప్పి కాలికి తగులుతుంది.

పిడిని చాలామంది పట్టించుకోరు కానీ, ఎక్కువ ప్రమాదాలు అక్కడే మొదలవుతాయని నేను భావిస్తాను. పిడిలోకి దిగే కత్తి తోక పిడి చివరిదాకా పోయి, అక్కడ మడిచి కొట్టి గాని రివెట్లతో బిగించి గాని ఉండాలి. సగంలో ఆగిన తోక కొంతకాలానికి వదులై, విసిరిన ఊపులో అలుగు (కత్తి రేకు) ఊడి ఎగిరిపోతుంది. పిడి నల్లతుమ్మ వంటి గట్టి కొయ్యతో, కోలగా ఉంటే చేతిలో తిరగదు. పిడి మొదట్లో పొన్ను (లోహపు కట్టు) బిగువుగా ఉండాలి.

వాదరను ఒక్కొక్క వైపు 20 నుంచి 25 డిగ్రీల కోణంలో నూరుకోవాలి. పని అయ్యాక చెట్టుపాలు, జిగురు తుడిచి, కొబ్బరినూనె పలుచగా రాయాలి. తోలు ఒరలోనే వదిలేస్తే చెమ్మ పట్టి తుప్పు వస్తుంది.

ఇక ఆత్మరక్షణ. కుక్క, పాము, అడవిపంది ఎదురైతే కత్తి తగిలేంత దగ్గరకు వెళ్లడమే పెద్ద ప్రమాదం. అయిదడుగుల వెదురుకర్ర, మంచి టార్చిలైటు అంతకంటే భద్రం. మనిషి వల్ల ఆపద వస్తే తప్పించుకొని 112కు ఫోన్ చేయడమే మొదటి మార్గం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును ఇస్తున్నాయి కానీ, అవసరానికి మించిన బలాన్ని ఒప్పుకోవు, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదు.

అలుగు 9 అంగుళాల కంటే పొడవుగానో 2 అంగుళాల కంటే వెడల్పుగానో ఉన్న కత్తులను ఆయుధ చట్టపు నియమాలు ఆయుధాలుగా లెక్కిస్తాయి, కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. అందుకే కత్తి చూడగానే పనిముట్టు అని తెలిసేలా ఉండడం మంచిది. నగరం నుంచి తోటకు తీసుకువెళ్లేటప్పుడు ఒరలో పెట్టి, గోనెలో చుట్టి, మిగతా పనిముట్లతో కలిపి కారు డిక్కీలో ఉంచండి. నడుముకు కట్టుకొని గాని, సీటు కింద దాచుకొని గాని తిరగవద్దు.

సెలవు రోజుల్లో అడవిబాట పట్టేవారు మరొకటి తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కత్తి కూడా ఆయుధం కిందికే వస్తుంది. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానంలోకి గాని, కావేరి వన్యప్రాణి అభయారణ్యంలోకి గాని అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని తీసుకువెళ్లకూడదు. తోట నుంచి నేరుగా అటు వెళ్లే ఆలోచన ఉంటే, కత్తిని తోటలోనే తాళం వేసిన పెట్టెలో ఉంచి బయలుదేరండి.