సమ్మర్ క్యాంపులో టీనేజర్లకు వ్యాపారం, ఆర్థికశాస్త్రం ఎలా నేర్పాలి?

టీనేజర్లకు ఆర్థికశాస్త్రం చెప్పమంటే చాలామంది మొదటి గంటలోనే బోర్డు మీద గిరాకీ, సరఫరా గీతలు గీసేస్తారు. కాసేపటికే సగం మంది కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. ఏడాదంతా బడిలో విన్న పద్ధతే సెలవుల్లోనూ ఎదురైతే వాళ్లను తప్పుపట్టలేం. ముందు బేరమాడించండి, పాఠం తర్వాత చెప్పండి. ఈ వరస తప్పితే క్యాంపు మొత్తం చప్పబడుతుంది.

సామాను గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. 24 మంది పిల్లలు, 24 కార్డులు, ఒక బోర్డు, ఒక గడియారం, కుర్చీలన్నీ గోడవారకు జరిపిన గది, ధరలు రాయడానికి ఒక సహాయకుడు. స్లయిడ్లు వద్దు. ఫోన్లు పెట్టెలో పెట్టించండి. నిజం డబ్బు అసలు వాడొద్దు, పాయింట్లు చాలు.

సగం కార్డులు కొనేవాళ్లవి, సగం అమ్మేవాళ్లవి. కొనేవాళ్ల కార్డుల మీద 40 నుంచి 95 దాకా, అమ్మేవాళ్ల కార్డుల మీద 15 నుంచి 70 దాకా, ఐదేసి తేడాతో అంకెలు వేయండి. అమ్మేది ఒక ఊహించుకున్న వస్తువు. కొనేవాళ్లకు ఆ అంకె దాని విలువ. అంతకన్నా తక్కువకు కొంటే మిగిలింది లాభం. అమ్మేవాళ్లకు అది ఖర్చు. అంతకన్నా ఎక్కువకు అమ్మితే మిగిలింది లాభం. రౌండుకు ఐదు నిమిషాలు, ఒక్కొక్కరికి ఒక్కటే బేరం. నష్టానికి కొనడం, అమ్మడం కుదరదు. కార్డు ఎవరికీ చూపించకూడదు.

ధర మాత్రం అందరికీ వినపడేలా అడగాలి. కుదిరిన ధర వెంటనే బోర్డు మీదకు ఎక్కాలి. ఇద్దరిద్దరు మూలకు వెళ్లి గుసగుసలాడుకుంటే ఈ ఆట పండదు. హార్వర్డ్‌లో ఆర్థికశాస్త్రం చెప్పిన ఎడ్వర్డ్ చేంబర్లిన్ తన విద్యార్థులతో ఇలాంటి ప్రయోగమే చేసి 1948లో ప్రచురించారు. బేరాలు విడివిడిగా జరిగాయి, ధరలు గిరాకీ, సరఫరా సిద్ధాంతం చెప్పిన చోటికి చేరలేదు. ఆ తరగతి గదిలో విద్యార్థిగా కూర్చున్న వెర్నన్ స్మిత్ తర్వాత రెండు మార్పులు చేశారు. ధరలు బాహాటంగా అడగమన్నారు, అదే కార్డులతో మళ్లీ మళ్లీ ఆడించారు. ధరలు ఒక చోటికి చేరడం మొదలైంది. 1962లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, 2002లో ఆయనకు నోబెల్ వచ్చింది. కాబట్టి ఒక్క రౌండు ఆడించి ముగించకండి. అవే కార్డులతో కనీసం నాలుగు ఆడించండి.

పై కార్డులతో ధర 55 దగ్గరకు చేరాలి, ఎనిమిదో తొమ్మిదో బేరాలు కుదరాలి. ఆ ధరకు కొనగలిగేవాళ్లూ అమ్మగలిగేవాళ్లూ సరిసమానంగా ఉంటారు. మొదటి రౌండులో ధరలు చెల్లాచెదురుగా ఉంటాయి. కంగారు పడకండి.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. పాడుచేసేది కూడా పిల్లలు కాదు, నడిపించే పెద్దవాళ్లు.

మీకు 55 అని తెలుసు. ఆ అంకె మీ నోట రాకూడదు. "ఇంకాస్త తగ్గించి అడుగు" అని ఒక్కరి చెవిలో అన్నా, బోర్డు మీది అంకె చూసి తలూపినా, ఆ ధర పిల్లలు కనుక్కున్నది కాకుండా పోతుంది. రౌండు జరిగినంతసేపూ గడియారం చూడండి, నియమం తప్పినవాళ్లను ఆపండి, అంతే.

ఇంతకన్నా సున్నితమైన సంగతి ఇంకొకటుంది. 70 ఖర్చు కార్డు వచ్చిన పిల్లవాడు ధర 55కి చేరాక ఏమీ అమ్మలేడు. పక్కవాళ్లు పాయింట్లు లెక్కపెట్టుకుంటుంటే తనకు బేరం చేతకాదనుకుంటాడు, ముఖం ముడుచుకుని గోడకు ఆనుకుంటాడు. జాలిపడి "ఈసారికి నష్టానికి అమ్మెయ్‌లే" అనకండి. అంత ఖర్చుతో ఆ ధరకు అమ్మకుండా ఆగడమే సరైన నిర్ణయమని ఆట అయ్యాక అందరి ముందూ చెప్పండి. నాలుగు రౌండ్లయ్యాక కార్డులు మార్చండి, కొన్నవాళ్లను అమ్మేవాళ్లుగా చేయండి. పాయింట్ల పట్టిక గోడకు అంటించకండి, బహుమతులు ఇవ్వకండి. మంచి కార్డు రావడం ప్రతిభ కాదు.

తర్వాత చర్చ. "దీన్నుంచి ఏం నేర్చుకున్నారు?" అని అడిగితే మీకు నచ్చే జవాబే వస్తుంది. "నాలుగో రౌండులో ఎవరూ 80 ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా ఉంటుంది. భరించండి. 95 కార్డు పట్టుకున్న అమ్మాయి "తక్కువకు దొరుకుతుంటే నేనెందుకు ఎక్కువిస్తాను?" అన్నాక బోర్డు మీద గీతలు గీయండి. ఇప్పుడు అవి వాళ్ల గీతలు.

మర్నాడు మొదటి కార్డులే తీసి, అమ్మేవాళ్లందరి ఖర్చునూ 20 పెంచండి. ఆడే ముందు కొత్త ధర ఎంతవుతుందో ఒక్కొక్కరినీ చీటీ మీద రాయమనండి. ఎక్కువమంది 75 రాస్తారు. ధర 65 దగ్గర ఆగుతుంది. పెరిగిన ఖర్చులో సగమే కొనేవాళ్ల మీద పడింది, మిగతా సగం అమ్మేవాళ్లే మోశారు, కొన్ని బేరాలు అసలు జరగనే లేదు. ఆ 20ని పన్ను అనుకోమంటే చాలు, పన్ను భారం ఎవరి మీద పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

వ్యాపారం పాఠం ఈ ఆట తర్వాతే. నలుగురేసి జట్లు చేయండి, ఐదుగురైతే ఒకరు ఖాళీగా కూర్చుంటారు. స్థిర ఖర్చు (ఎన్ని అమ్మినా మారనిది) 600, ఒక్కో వస్తువు తయారీకి 20, అమ్మే ధర 50 అయితే ఎన్ని అమ్మితే ఖర్చులు వెనక్కి వస్తాయో లెక్క కట్టించండి. జవాబు 20. ధర 40కి తగ్గిస్తే 30 అమ్మాలి. ఈ లెక్క చేతికి వచ్చాకే వ్యాపార ఆలోచనలు అడగండి. జడ్జీల ముందు ఐదు నిమిషాలు మాట్లాడించే పోటీలు నేను పెట్టను, మీరూ పెట్టొద్దు. అక్కడ గెలిచేది మాటకారితనం, మొహమాటస్తుల మంచి లెక్కలు కాగితాల్లోనే ఉండిపోతాయి.

చివరి రోజు కార్డులు పిల్లల చేతికే ఇవ్వండి. ఒక్క నియమం వాళ్లిష్టం వచ్చినట్టు మార్చి, ఏమవుతుందో ముందే రాసిపెట్టి, ఆడి చూడమనండి. ఆ పూట గడియారం కూడా వాళ్లకే అప్పగించండి.